తొమ్మిదో తరగతిలో రోమియో జూలియెట్: తెలుగు తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో ఒక ప్రభుత్వ హైస్కూల్లో ఇంగ్లీషు చెబుతుంటాను. ఏటా చలికాలం సెలవులు ముగియగానే తొమ్మిదో తరగతి పిల్లలతో ఈ నాటకం మొదలుపెడతాం. ఆ రోజుల్లో తెలుగువాళ్ల ఇళ్లలో ఏ పుట్టినరోజు భోజనానికి వెళ్లినా, పప్పు వడ్డించుకునేలోపే ఎవరో ఒకరు పక్కకు పిలిచి ఏదో ఒకటి అడుగుతారు. అడిగేవాళ్లు మారతారు గానీ ప్రశ్నలు పెద్దగా మారవు. అందుకే వాటికి నా జవాబులు ఇక్కడ రాసి పెడుతున్నాను. ఇవి ఒక టీచరు అభిప్రాయాలు. మీ పిల్లల టీచరు వేరేగా చెబితే మార్కులు వేసేది ఆవిడే కాబట్టి ఆవిడ మాటే వినండి.

ఇన్ని నాటకాలుండగా ఇదే ఎందుకు? ఇది తప్పనిసరా?

అమెరికా అంతటికీ ఒకే సిలబస్ అంటూ లేదు. చాలా రాష్ట్రాలు తీసుకున్న కామన్ కోర్ ప్రమాణాల్లో 11, 12 తరగతుల వాళ్లు కనీసం ఒక షేక్‌స్పియర్ నాటకం చదవాలని ఉంది. తొమ్మిదో తరగతికి ఫలానా నాటకమే చదవాలన్న నియమం వాటిలో లేదు. ఏళ్ల తరబడి తొమ్మిదో తరగతి పాఠ్యపుస్తకాల్లో ఇది అచ్చవుతూ వచ్చింది, టీచర్ల దగ్గర పాఠాలు సిద్ధంగా ఉన్నాయి, బీరువాల్లో పుస్తకాలున్నాయి. సగం కారణం అదే. మిగతా సగం కథానాయిక వయసు. జూలియెట్‌కు పద్నాలుగు నిండడానికి ఇంకా రెండు వారాల పైచిలుకు ఉంది. క్లాసులో కూర్చున్న పిల్లలకూ అదే ఈడు.

ఇద్దరూ చనిపోతారని అందరికీ తెలుసు. తెలిసిన కథను రెండు నెలలు చదవడం ఎందుకు?

నాకు బాగా ఇష్టమైన ప్రశ్న ఇది. ముగింపును దాచిపెట్టాలని షేక్‌స్పియర్ కూడా అనుకోలేదు. నాటకం పద్నాలుగు పంక్తుల ప్రస్తావనతో మొదలవుతుంది. ఆరో పంక్తిలోనే ఈ జంట ప్రాణాలు తీసుకుంటుందని చెప్పేస్తాడు. చూడవచ్చిన లండన్ జనంలో చాలామందికి కథ ముందే తెలుసు కూడా. ఆర్థర్ బ్రూక్ అనే కవి 1562లోనే దీన్ని పెద్ద పద్యకావ్యంగా రాశాడు. అంతకుముందు ఇటలీలో ఈ కథ రెండు మూడు చేతులు మారింది.

మన తాతలు కృష్ణ రాయబారం నాటకానికి ఎడ్లబళ్లు కట్టుకుని వెళ్లింది సంధి కుదురుతుందేమో చూద్దామని కాదు. యుద్ధం తప్పదని పసిపిల్లలకూ తెలుసు. ఆ పద్యం ఈ నటుడి నోట ఎలా పలుకుతుందో వినడానికి వెళ్లారు, నచ్చితే వన్స్ మోర్ అన్నారు. ఏమవుతుందో ముందే తెలిస్తే ఎలా అవుతుందో చూసే తీరిక దొరుకుతుంది. క్లాసులో చేసే పనంతా ఆ ‘ఎలా’ గురించే. అందుకే ఇంటర్నెట్‌లో సారాంశం చదివి వచ్చిన పిల్లవాడికి కథ తెలుస్తుంది, నాటకం తెలియదు.

బ్రూక్ కథ నెలల తరబడి సాగుతుంది. షేక్‌స్పియర్ దాన్ని ఐదు రోజుల్లోకి కుదించాడు. బ్రూక్ జూలియెట్‌కు పదహారేళ్లు దగ్గర పడుతుంటే, ఈయన రెండేళ్లు తగ్గించాడు. రోజులు వేళ్ల మీద లెక్కపెట్టించండి. ఆదివారం పొద్దున పగబట్టిన రెండు కుటుంబాల మధ్య వీధిలో కొట్లాట, రాత్రి విందులో చూపులు కలవడం, ఆ రాత్రే పెళ్లి మాట. సోమవారం మధ్యాహ్నం రహస్యంగా పెళ్లి, కాసేపటికే రెండు హత్యలు, రోమియోకు దేశబహిష్కారం. మంగళవారం తెల్లవారుజామున అతని ప్రయాణం, ఆ రాత్రే ఆమె చనిపోయినట్టు కనిపించేలా నిద్రపుచ్చే మందు తాగడం. ఇక్కడ ఒక చిన్న విషయం చాలామంది దాటేస్తారు. పెద్దలు కుదిర్చిన వరుడు పారిస్‌తో గురువారం అనుకున్న పెళ్లిని, కూతురు ఒప్పుకుందన్న సంబరంలో తండ్రి బుధవారానికే జరుపుతాడు. కోపంతో కాదు, సంతోషంతో. ఆ ఒక్క రోజూ ఉండి ఉంటే, ఆమె బతికే ఉందని రోమియోకు చెప్పే ఉత్తరం తిరిగి పంపడానికి వ్యవధి దొరికేది.

ఆ ఇంగ్లీషు మాకే అర్థం కాదు. ఇంట్లో ఎలా సాయం చేయాలి?

మీకు అర్థం కాకపోవడం సహజం. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్లలకూ అర్థం కాదు. అయితే తెలుగు తెలిసినవాళ్లకు రెండు మూడు చోట్ల ఇక్కడివాళ్లకు లేని దారి ఒకటి ఉంది. సిగ్గుపడకుండా వాడుకోండి.

మొదటిది ‘దౌ’, ‘యు’. నేటి ఇంగ్లీషులో అందరికీ ఒకటే మాట. ఆ కాలంలో రెండుండేవి, దాదాపు మన నువ్వు, మీరు లాగే. క్లాసులో దీన్ని వివరించడానికి నాకు అరగంట పడుతుంది. తెలుగు పిల్లలకు అర నిమిషం చాలు. విందులో మొదటిసారి కలిసినప్పుడు జూలియెట్ రోమియోను ‘యు’ అంటుంది. ముద్దు పెట్టుకున్నాక కూడా ‘యు’నే. ఆ రాత్రి తోటలో, చీకట్లో ఎవరో నిలబడి తన మాటలు విన్నారని తెలిసిన క్షణంలో ‘నువ్వెవరు’ అని ‘దౌ’తో గద్దిస్తుంది. అతను రోమియో అని తెలిశాక కూడా ఆ ‘దౌ’ను వదలదు. పరాయివాడిని గద్దించిన నువ్వు, నాలుగు మాటల్లో దగ్గరివాడి నువ్వు అయిపోయింది. మరుసటి రోజు వీధిలో జూలియెట్ బంధువు టిబాల్ట్ కూడా రోమియోను అదే ‘దౌ’తో పిలుస్తాడు, అవమానించడానికి. మన నువ్వుకూ ఈ మూడు పనులూ వచ్చు. మీ అమ్మాయిని ఒక సన్నివేశం తీసుకుని, ఎక్కడ నువ్వు ఉందో, ఎక్కడ మీరు ఉందో పెన్సిలుతో గుర్తు పెట్టమనండి. అందులోంచే మంచి వ్యాసం పుడుతుంది.

రెండోది పదాల వరుస. క్రియ ఎక్కడో చివర వస్తే ఇక్కడి పిల్లలు తడబడతారు. జూలియెట్‌ను అడగడానికి వచ్చిన పారిస్, ఆమె కన్నా చిన్నవాళ్లు సంతోషంగా తల్లులయ్యారు అంటాడు. మూలంలోనూ వరుస సరిగ్గా ఇదే. ‘ఆమె కన్నా చిన్నవాళ్లు’ ముందు, ‘అయ్యారు’ చివర. ఇంగ్లీషులో తికమకగా ఉన్న పంక్తిని తెలుగులోకి తిప్పి చూడమనండి. చాలాసార్లు ముడి దానంతట అదే విడిపోతుంది.

మూడోది ఒక్క మాట, ‘వేర్‌ఫోర్’. ఎక్కడ అని కాదు, ఎందుకు అని అర్థం. ‘రోమియో, నువ్వెక్కడున్నావు’ అని జూలియెట్ వెతుక్కోవడం లేదు. ‘ఇన్ని పేర్లుండగా నువ్వు రోమియోవి ఎందుకయ్యావు’ అని వాపోతోంది. ఇది పరీక్షలో వస్తుంది. నేనైతే ప్రతి ఏడూ ఇస్తాను, ప్రతి ఏడూ క్లాసులో మూడో వంతు తప్పు రాస్తారు.

పక్కనే నేటి ఇంగ్లీషు అనువాదం ఉన్న పుస్తకం కొనివ్వచ్చా?

కొనవచ్చు, నిషేధమేమీ లేదు. కాకపోతే కళ్లు సులువైన పేజీ మీదికే పోతాయి, అసలు పేజీ అలంకారంగా మిగులుతుంది. నా ఓటు ఫోల్జర్ లైబ్రరీ వాళ్ల ప్రతికి. కుడి పేజీలో నాటకం, ఎడమ పేజీలో కఠిన పదాలకు అర్థాలు ఉంటాయి. మూలపాఠాన్ని వాళ్లే ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టారు కూడా. ముందు మూలం ఒకసారి పైకి చదివి, అందలేదనిపిస్తే అనువాదం చూసి, మళ్లీ మూలానికి రావాలి. మూడో అడుగును ఎవరూ వేయరు. అసలు పని జరిగేది అక్కడే.

చిన్న జాగ్రత్త: ప్రతులను బట్టి పంక్తుల సంఖ్యలు కాస్త మారతాయి. స్కూల్లో ఏ ప్రతి వాడుతున్నారో అడిగి అదే కొనండి.

అయాంబిక్ పెంటామీటర్ అంటే ఏమిటి?

ఛందస్సు. మన పద్యంలో గురువు, లఘువు పలికే కాలాన్ని బట్టి ఏర్పడతాయి. ఇంగ్లీషులో లెక్క కాలం మీద కాదు, ఊనిక మీద. ఒక తేలిక అక్షరం, ఒక బరువు అక్షరం, ఇలాంటి జంటలు పంక్తికి ఐదు. నాటకంలో మొదటి పంక్తిని తీసుకుని చేత్తో బల్ల మీద దరువేయండి: టూ హౌస్, హోల్డ్స్ బోత్, అలైక్, ఇన్ డిగ్, నిటీ. ప్రతి జంటలో రెండో దాని మీద చెయ్యి పడుతుంది. ఇంట్లో మృదంగమో తబలానో నేర్చుకునే పిల్లలుంటే ఇది పది నిమిషాల పని.

అన్ని పంక్తులూ ఇంత బుద్ధిగా నడవవు. తప్పిన చోటే ఏదో జరుగుతుంటుంది. పనివాళ్లు ఎక్కువగా వచనంలో మాట్లాడతారు, ప్రభువులు పద్యంలో. రోమియో, జూలియెట్ మొదటిసారి మాట్లాడుకునే పద్నాలుగు పంక్తులైతే ఇద్దరూ కలిసి కట్టిన ఒక పూర్తి సానెట్. అతను నాలుగు పంక్తులు, ఆమె నాలుగు, తర్వాత ఒకటీ అరా పంచుకుంటూ చివరి ప్రాస అతని నోట పూర్తవగానే ముద్దు. మన అవధానంలో ఒకరు పాదం అందిస్తే మరొకరు పూరించడం తెలిసినవాళ్లకు ఇందులో ఉన్న సరసం ఎవరూ చెప్పనక్కర్లేదు. ఒకరి పేరు ఒకరికి తెలియకముందే పద్యం కలిసింది.

విషాదాంతం అంటే చివర చావడమేనా?

క్లాసులో గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ పేరు వినిపిస్తుంది. మంచివాడే అయిన మనిషి ఏదో పొరపాటు వల్ల ఉన్న స్థితి నుంచి పడిపోవడం, అది చూసి ప్రేక్షకుడిలో జాలి, భయం కలగడం అన్నది ఆయన చెప్పిన మాటకు దగ్గరి అర్థం. ఆ పొరపాటును గ్రీకులో హమార్షియా అంటారు. స్కూలు నోట్సుల్లో దీన్ని ‘స్వభావంలోని లోపం’ అని రాసిస్తారు. నాకది నచ్చదు. లోపం అనగానే పిల్లలు పాత్రకు జబ్బు పేరు పెట్టినట్టు తొందరపాటు, కోపం, ప్రేమ అని ఒక్కొక్క మాట రాసేసి చేతులు దులుపుకుంటారు. గురి తప్పడం అన్నది ఆ మాటకు ఇంకా దగ్గర.

నిజానికి ఈ నాటకం సగం దాకా హాస్యనాటకంలాగే నడుస్తుంది. ప్రేమికులు, వాగుడుకాయ దాది, ఎకసెక్కాలాడే స్నేహితుడు, అడ్డుపడే పెద్దలు. మూడో అంకం మొదటి రంగంలో మెర్కూషియోకు కత్తి దిగుతుంది. విడదీయడానికి మధ్యకు వచ్చిన రోమియో చేతి కింద నుంచే దిగుతుంది. ‘రేపు వచ్చి నా గురించి అడగండి, నేను గ్రేవ్ మనిషినై కనిపిస్తాను’ అంటాడు మెర్కూషియో. గ్రేవ్ అంటే గంభీరమైన అని ఒక అర్థం, సమాధి అని మరొకటి. శ్లేష. క్లాసులో ఈ పంక్తికి ప్రతిసారీ వెనక బెంచీ నుంచి ఒక నవ్వు వినిపిస్తుంది, సగంలో ఆగిపోతుంది. ఆ ఆగిపోవడం కోసమే నేను ఏటా ఎదురు చూస్తాను. అక్కడి నుంచి ఎవరూ నవ్వరు.

రంగస్థలం మీద మరణం చూపకూడదని, కథ శుభంగా ముగియాలని మన సంస్కృత నాటక సంప్రదాయం. భాసుడి ఊరుభంగం లాంటివి అరుదు. తెలుగులో బళ్లారికి చెందిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు విషాద సారంగధర రాసేనాటికి విషాదాంతం కొత్త రుచి. కాబట్టి ‘ఇంత ఏడుపు నాటకం పిల్లలకెందుకు’ అని మీ అమ్మగారు విసుక్కుంటే, ఆ విసుగు వెనక రెండు వేల ఏళ్ల చరిత్ర ఉందన్నమాట.

తప్పు ఎవరిది? మావాడు విధి అని రాశాడు, బి వచ్చింది.

విధి అని రాయడం తప్పు కాదు. ప్రస్తావనలోనే నక్షత్రాలు కలిసిరాని జంట అని ఉంది. కానీ విధి అన్నాక ఇక రాయడానికి ఏమీ మిగలదు. టీచరుకు కావాల్సింది ఆ తర్వాతి మాట.

వాళ్లకు రహస్యంగా పెళ్లి చేసిన క్రైస్తవ సన్యాసి ఫ్రయర్ లారెన్స్‌ను చూడండి. తొందరపడి పరుగెత్తేవాడు తూలిపడతాడని పాఠం చెప్పినవాడే అదే రోజు పెళ్లి చేసేస్తాడు. సమాధిలో జూలియెట్ మేల్కొన్నాక, కాపలావాళ్ల అలికిడి విని ఆమెను వదిలి పారిపోతాడు. జూలియెట్ తండ్రి క్యాపులెట్ మొదట ఎంత మర్యాదస్తుడో! ఇంకో రెండు వేసవులు పోనీ, ముందు అమ్మాయి మనసు గెలుచుకో, ఆమె ఇష్టం లేనిదే నా మాట చెల్లదు అంటాడు. రెండు రోజులు తిరక్కుండా, వద్దన్న కూతురిని వీధుల్లో అడుక్కుని చావమంటాడు. చివర ఊరి పాలకుడైన ప్రిన్స్ కొందరికి క్షమాభిక్ష ఉంటుంది, కొందరికి శిక్ష ఉంటుంది అంటాడే గానీ ఎవరికి ఏదో చెప్పడు. అతను వదిలేసిన తీర్పును మీవాడు పూర్తి చేయాలి, నాటకంలోని మాటలనే సాక్ష్యంగా పెట్టి.

క్లాసులో పెద్దలు కుదిర్చిన పెళ్లి గురించి చర్చ వచ్చినప్పుడు అందరూ మా అమ్మాయి వైపే చూశారట. ఏం చేయాలి?

ఈ తప్పు నేనే చేశాను. ఉద్యోగంలో చేరిన తొలి ఏడు ఒక తెలుగమ్మాయిని లేపి, ‘మీ ఇళ్లలో ఎలా జరుగుతుందో చెబుతావా’ అన్నాను. నేనూ తెలుగువాణ్ణే కదా, చనువు తీసుకున్నాననుకున్నాను. ఆ పిల్ల ముఖం చూశాక ఇంకెప్పుడూ అడగలేదు. భారతదేశం మొత్తానికి బదులు చెప్పే బాధ్యత పద్నాలుగేళ్ల పిల్లకు ఎవరూ అప్పగించలేదు. ఇబ్బందిగా ఉంటే ‘నాకు ఈ నాటకం గురించి మాట్లాడాలని ఉంది’ అని చెప్పవచ్చని మీ అమ్మాయికి చెప్పండి. టీచరుకు మీరు ఒక ఈమెయిల్ రాసినా తప్పులేదు, చాలామంది అర్థం చేసుకుంటారు.

మాట్లాడాలనుకుంటే మాత్రం ఒక సంగతి చేతిలో పెట్టండి. పదమూడేళ్ల పెళ్లి ఆనాటి ఇంగ్లండులో మామూలు విషయం కాదు. చట్టం పన్నెండేళ్లకే ఒప్పుకున్నా, సాధారణ కుటుంబాల్లో ఆడపిల్లల పెళ్లి వయసు సగటున పాతికేళ్ల దగ్గర ఉండేది. షేక్‌స్పియర్ 1582లో పెళ్లి చేసుకున్నప్పుడు అతనికి పద్దెనిమిది, ఆన్ హాథవేకు ఇరవై ఆరు. కాబట్టి లండన్ ప్రేక్షకుడికి కూడా జూలియెట్ చిన్నపిల్లగానే కనిపించేది. నాటకం రాసినట్టు చెప్పే 1595 ప్రాంతంలో ఆయన పెద్ద కూతురు సుసానాకు పన్నెండేళ్లు. ఇందులోంచి ఏమీ తేల్చలేం గానీ, దాది తన పెంపుడు పిల్ల పాలు మానిన రోజును గుర్తు చేసుకునే ఆ పొడుగాటి ప్రసంగం చదువుతున్నప్పుడు నాకు ఈ సంగతి గుర్తొస్తుంది.

ఆత్మహత్య ఉన్న కథ ఈ వయసు పిల్లలకు చెప్పడం మంచిదేనా?

ఈ ప్రశ్న అడిగినవాళ్లను నేను ఎప్పుడూ తేలిగ్గా తీసుకోలేదు. ప్రేమ కోసం చావడం గొప్ప అన్నట్టు ఈ నాటకాన్ని చెప్పే టీచర్లు, సినిమాలు, పాటలు లేకపోలేదు. నాటకం అలా చెప్పదు. రోమియో విషం తాగిన కాసేపటికే జూలియెట్ మేల్కొంటుంది. అతను కొద్ది నిమిషాలు ఆగి ఉంటే చాలు. ఆమె పెదవులు ఇంకా ఎర్రగానే ఉన్నాయని, బుగ్గల్లో రంగు పోలేదని అతనే అంటాడు. బతికి ఉందన్న సాక్ష్యం కళ్ల ముందే ఉంది, చదవలేకపోయాడు. క్లాసులో నేను ఈ పంక్తుల దగ్గర చాలాసేపు ఆగుతాను.

మీ బిడ్డ ఇప్పటికే మనసు బాగోలేక సతమతమవుతుంటే, లేదా దగ్గరివాళ్లను ఇలా పోగొట్టుకుని ఉంటే, ఈ పాఠం మొదలయ్యేలోపే టీచరుకూ స్కూలు కౌన్సిలరుకూ చెప్పండి. బదులుగా వేరే నాటకం చదవడానికో, ఆ రోజులు క్లాసు బయట ఉండడానికో ఏర్పాటు చేయించుకోవచ్చు. అమెరికాలో ఎక్కడి నుంచైనా, ఏ వేళలోనైనా 988కు ఫోను చేస్తే, లేదా సందేశం పంపితే, మాట్లాడే మనిషి దొరుకుతారు. ఇది పిల్లలకు తెలియాలి, మీ ఫోనులోనూ ఉండాలి.

మొదటి రంగంలోనే ద్వంద్వార్థాలున్నాయని విన్నాం.

ఉన్నాయి. పనివాళ్ల మాటల్లో, దాది మాటల్లో, మెర్కూషియో మాటల్లో బోలెడు. చాలా పాఠ్యపుస్తకాలు వాటిని సగానికి సగం కత్తిరిస్తాయి, మిగిలినవి పిల్లలకు అందవు. మన వీధి నాటకాల్లో హాస్యగాడు ఏం మాట్లాడేవాడో మీ నాన్నగారిని అడగండి.

సినిమా చూస్తే సరిపోదా?

చదివాక చూస్తే మంచిదే, నేనూ చూపిస్తాను. చదవడానికి బదులు చూస్తే దొరికిపోతారు. 1996 నాటి సినిమాలో రోమియో విషం తాగుతుండగానే జూలియెట్ కళ్లు తెరుస్తుంది, ఒకరినొకరు చూసుకుంటారు. నాటకంలో ఆ చూపు లేదు. ఆ చూపు లేకపోవడమే నాటకం. ఇది సినిమావాళ్ల కొత్త తెలివి కూడా కాదు. 1748లోనే డేవిడ్ గారిక్ అనే నటుడు సమాధిలో ఇద్దరికీ సంభాషణ రాసి ఆడించాడు, జనం మెచ్చారు. ఇంకోటి: సమాధి దగ్గర రోమియో పారిస్‌ను చంపుతాడు. 1968 సినిమాలోనూ, 1996 సినిమాలోనూ ఆ హత్య లేదు. పారిస్ ఎలా చనిపోయాడు అన్న ప్రశ్న నేను ఎందుకు ఇస్తానో ఇప్పుడు తెలిసింది కదా.

అన్నట్టు, ఆ సన్నివేశానికి బాల్కనీ అన్న పేరు ఎలా స్థిరపడిందో గానీ నాటకంలో ఎక్కడా ఆ మాట లేదు. కిటికీ అనే ఉంది. వెరోనా వెళ్లినప్పుడు జూలియెట్ ఇల్లని చూపించే చోట బాల్కనీ ముందు ఫొటో దిగండి, తప్పులేదు. ఆ బాల్కనీ ఇరవయ్యో శతాబ్దంలో అమర్చింది.

వ్యాసానికి మంచి అంశం చెప్పండి. ప్రేమా ద్వేషమూ, విధీ స్వేచ్ఛా అందరూ రాసేస్తున్నారు.

వ్యాసం మొత్తం చెప్పను గానీ ఒక దారం చూపిస్తాను. నాటకంలో కబుర్లు, ఉత్తరాలు ఎవరి చేతికి చేరుతున్నాయో వరుసగా చూడమనండి.

విందుకు పిలవాల్సినవాళ్ల జాబితా ఇచ్చి క్యాపులెట్ తన పనివాణ్ణి పంపుతాడు. వాడికి చదవడం రాదు. వీధిలో కనిపించిన ఎవరినో ఆపి చదివి పెట్టమంటాడు. ఆ ఎవరో రోమియో. శత్రువు ఇంటి ఆహ్వానపత్రం శత్రువు కొడుకే చదివాడు. తర్వాత టిబాల్ట్ ద్వంద్వయుద్ధానికి రమ్మని రోమియో ఇంటికి ఉత్తరం పంపుతాడు. రోమియో ఆ రాత్రి ఇంటికే వెళ్లలేదు. జూలియెట్ మందు తాగి పడుకుంటుంది, నలభై రెండు గంటల్లో లేస్తుంది, వచ్చి తీసుకెళ్లు అని రోమియోకు రాసిన అసలైన ఉత్తరాన్ని లారెన్స్ తోటి సన్యాసి ఫ్రయర్ జాన్ చేతికిచ్చాడు. అతను దారిలో ఒక ఇంటికి వెళ్తే, అక్కడ ప్లేగు ఉందన్న అనుమానంతో అధికారులు తలుపులు మూసి ముద్ర వేశారు. ఉత్తరం రోమియో తలదాచుకున్న మాంటువా చేరనే లేదు. ఆమె చనిపోయిందన్న తప్పుడు కబురు మాత్రం, రోమియో నమ్మకస్తుడైన పనివాడు బల్తజార్ గుర్రమెక్కి రివ్వున మోసుకెళ్లాడు.

చేరకూడనివి చేరాయి, చేరాల్సినది ఆగిపోయింది. ఇది విధా, మనుషుల పనితీరా? ఇక్కడి నుంచి మీ అమ్మాయి సొంతంగా రాయాలి. ప్లేగు సంగతి కూడా వదలవద్దు. 1592 నుంచి 1594 దాకా లండన్ నాటకశాలలు ఎక్కువ కాలం ప్లేగు వల్లే మూతపడ్డాయి. ముద్ర వేసిన తలుపు అంటే ఏమిటో ఆ ప్రేక్షకులకు వివరించనక్కర్లేదు. 2020 తర్వాత మా పిల్లలకూ అక్కర్లేదు.

ఉదాహరించిన ప్రతి మాట పక్కనా అంకం, రంగం, పంక్తి సంఖ్య ఉండాలి. లేకపోతే మార్కులు పోతాయి.

ఏఐ చేత రాయిస్తే తెలుస్తుందా?

సాధారణంగా తెలుస్తుంది. భాష మరీ బాగుండడం వల్ల కాదు, అందులో ఎవరూ దేనికీ ఆశ్చర్యపోకపోవడం వల్ల. అనుమానమొస్తే నేను పిల్లవాడిని పిలిచి, నీ వ్యాసంలో నీకు బాగా నచ్చిన పంక్తి ఏదీ అని అడుగుతాను. రాసినవాడు వెంటనే చెబుతాడు.

ప్రస్తావన కంఠస్థం చేయమన్నారు. పద్నాలుగు పంక్తులు ఎక్కడం లేదు.

కూర్చుని చదివితే ఎక్కవు. లేచి నడుస్తూ, గట్టిగా, దరువుతో, రోజుకు నాలుగు పంక్తులు. ఒకటో పంక్తికీ మూడో పంక్తికీ, రెండుకూ నాలుగుకూ చివరి ప్రాస కలుస్తుంది. అది పట్టుకుంటే తర్వాతి పంక్తి దానంతట అదే వస్తుంది. శతకపద్యాలు నేర్చుకున్న పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే వాళ్లకు అప్పజెప్పించండి. వాళ్లకు ఇంగ్లీషు రాకపోయినా పరవాలేదు, తడబాటు ఎక్కడుందో చెవికి తెలిసిపోతుంది. యాస గురించి బెంగ వద్దు. షేక్‌స్పియర్ కాలపు ఉచ్చారణ నేటి లండన్‌దీ కాదు, న్యూయార్క్‌దీ కాదు.

మేము చదవలేదు, చదివే తీరికా లేదు. ఇంకేమైనా చేయగలమా?

రోజూ రాత్రి భోజనాల దగ్గర ఆ రోజు చదివిన రంగాన్ని తెలుగులో చెప్పించుకోండి. పది నిమిషాలు. తెలుగులో చెప్పలేకపోతే ఇంగ్లీషులో అర్థం కాలేదన్నట్టే.

నా దగ్గర చదివిన ఒకమ్మాయి ఇలాగే తాతగారికి చెప్పుకుంటూ వచ్చింది. ఆయన ఊళ్లో పోస్ట్‌మాన్‌గా పనిచేసి రిటైరై కొడుకు దగ్గరికి వచ్చారు. చివరి రంగం చెప్పిన రోజున ఆయన ఏడవలేదు, ప్రేమ గురించి ఏమీ అనలేదు. ‘ఆ ఉత్తరం పట్టుకెళ్లినవాణ్ణి ఎవరైనా ఏమైనా అన్నారా?’ అని అడిగారట. ఆ పిల్ల మరునాడు క్లాసుకు వచ్చి అదే ప్రశ్న నన్ను అడిగింది. ఇద్దరం కలిసి ఐదో అంకం రెండో రంగం తీశాం. ఫ్రయర్ జాన్ జరిగింది చెబుతాడు. లారెన్స్ అతన్ని ఒక్క మాట అనకుండా, వెళ్లి గునపం ఒకటి పట్టుకురమ్మంటాడు. తెస్తానని వెళ్తాడు. ఆ తర్వాత నాటకంలో అతను మళ్లీ కనిపించడు.

‘పాపం, తలుపు వేసేశారు కదా, ఆయన మాత్రం ఏం చేస్తాడు’ అన్నారట తాతగారు, ఆ జవాబు విని. ఆ అమ్మాయి వ్యాసం ఫ్రయర్ జాన్ మీదే రాసింది. నాటకం మొత్తంలో ఆయనకున్నవి రెండు పేజీలైనా లేవు.